మూత్రనాళంలో రాయి: మందు చేసే పని ఎంత?

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను వైద్యుణ్ని కాను, పాతికేళ్లకు పైగా కాలేజీలో జంతుశాస్త్రం చెబుతున్న మేష్టారిని. మూత్రంలో రాళ్ల గురించి పాఠం చెప్పమన్నప్పుడు ఒప్పుకోవడానికి నాకు రెండు అర్హతలు కనిపించాయి. ఒకటి, విసర్జక వ్యవస్థ పాఠాన్ని ఏటా చెబుతూ ఉండటం. రెండోది, ఒక మే నెలలో తెల్లవారుజామున మూడు గంటలకు నా ఎడమ డొక్కలో మొదలైన నొప్పి. ఆ నొప్పితో నేలమీద పొర్లుతున్నప్పుడు, ఏటా చెప్పే ఆ పాఠంలో ఒక్క ముక్క కూడా గుర్తుకు రాలేదు.

స్కానింగు తీస్తే మూత్రాశయానికి కాస్త పైన, మూత్రనాళం చివరి భాగంలో 6 మిల్లీమీటర్ల రాయి ఉందని తేలింది. డాక్టరుగారు నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. రోజుకొక క్యాప్సూల్ చొప్పున నాలుగు వారాలకు మందు రాసి, "పడిపోవచ్చు. పడకపోతే అప్పుడు చూద్దాం" అన్నారు. ఇంటికొచ్చి చీటీ చూసుకుంటే ఆ మందు టామ్సులోసిన్. మా నాన్నగారు ప్రోస్టేట్ గ్రంథి వాపుకు ఏళ్ల తరబడి వాడిన మందు అది! రాయికీ ఆ మందుకూ ఏమిటి సంబంధం? మందు వేసుకున్నందువల్లే రాయి పడుతుందా, వేసుకోకపోయినా పడేదేనా? నన్ను వదలకుండా పట్టుకున్న ఈ రెండు ప్రశ్నలనే ఈరోజు మీ ముందు పెడుతున్నాను.

ఆ నెలలో పలకరించడానికి వచ్చినవాళ్లందరూ "రాయి కరగడానికి ఏం వాడుతున్నారు?" అని అడిగారు. చాలామంది పొరపడేది ఇక్కడే. టామ్సులోసిన్ రాయిని కరిగించదు, అరగదీయదు, పగలగొట్టదు. అసలు రాయి జోలికే పోదు. అది పనిచేసేది రాయి ఇరుక్కున్న గొట్టం మీద. మనుషుల్లో ఎక్కువగా కనిపించేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. ఒకసారి గట్టిపడ్డాక వాటిని కరిగించే మందు ఇంతవరకు లేదు. నోటిద్వారా తీసుకునే మందుతో చక్కగా కరిగేవి యూరిక్ ఆమ్లపు రాళ్లు. మూత్రంలో ఆమ్లగుణం తగ్గి పి.హెచ్. విలువ 6.5 నుంచి 7 మధ్యకు వచ్చేలా పొటాషియం సిట్రేట్ వంటివి ఇస్తే, కొన్ని వారాల్లో అవి మెల్లగా కరుగుతాయి. కానీ మొత్తం రాళ్లలో అవి కొద్ది భాగమే. "మా బంధువుకి మందుతో కరిగిపోయింది" అని ఎవరైనా అంటే, అది ఏ జాతి రాయి అని అడిగి చూడండి. చాలాసార్లు జవాబు రాదు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. ప్రసారంలో ఈ బొమ్మ తెరమీద చూపించాం, చదువుతున్న మీరు గీసుకోవాలి. పైన చిక్కుడు గింజ ఆకారంలో మూత్రపిండం, కింద సంచిలాగా మూత్రాశయం. రెంటినీ కలుపుతూ ఒక గీత. ఆ గీతే మూత్రనాళం. దాని పొడవు 25 నుంచి 30 సెంటీమీటర్లు, లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు. ఆ గీతమీద మూడుచోట్ల చిన్న అడ్డగీతలు పెట్టండి. మూత్రపిండం నుంచి నాళం మొదలయ్యే చోట ఒకటి. కాళ్లలోకి దిగే పెద్ద రక్తనాళాలను దాటే చోట రెండోది. మూత్రాశయం గోడలోకి చొచ్చుకుపోయే చోట మూడోది. ఈ మూడూ ఇరుకులు. మూడోది అన్నిటికంటే ఇరుకు. కిందికి దిగే రాళ్లు ఎక్కువగా ఆగిపోయేది వీటి దగ్గరే. మూత్రాశయం నుంచి శరీరం బయటికి వెళ్లే గొట్టం వేరు, దానిపేరు ప్రసేకం. రాయి మూత్రాశయంలోకి పడిందంటే పెద్ద గండం గడిచినట్టే. ప్రసేకం మూత్రనాళం కంటే వెడల్పైన దారి.

మూత్రనాళం ఇంటి మీది ట్యాంకునుంచి కుళాయికి దిగే గొట్టం లాంటిది కాదు. గొట్టంలో నీళ్లు వాటి బరువుకు అవే దిగుతాయి. మూత్రనాళం గోడలో నునుపు కండరాలుంటాయి. అవి పైనుంచి కిందికి అలలు అలలుగా, నిమిషానికి కొన్నిసార్లు ముడుచుకుని మూత్రాన్ని నెట్టుకుంటూ పోతాయి. అందుకే మనం పడుకున్నా, శీర్షాసనం వేసినా మూత్రం మూత్రాశయానికే చేరుతుంది. ఇప్పుడు ఈ దారిలో గరుకు రాయి ఒకటి పడిందనుకోండి. నాళం దాన్ని నెట్టెయ్యాలని మరింత గట్టిగా, మరింత తరచుగా ముడుచుకుంటుంది. రాయి ఉన్నచోట గోడ వాస్తుంది, కండరం బిగుసుకుపోతుంది. దాన్ని పంపించెయ్యాలని చేసిన ప్రయత్నమే చివరికి గుప్పిట బిగించి పట్టుకున్నట్టు అవుతుంది.

మూత్రపిండానికి ఈ సంగతి పట్టదు. అది మూత్రాన్ని తయారు చేస్తూనే ఉంటుంది. దారి మూసుకుపోవడంతో వెనక పీడనం పెరుగుతుంది, మూత్రపిండం లోపలి గది సాగుతుంది. ప్రాస్టాగ్లాండిన్లనే రసాయనాలు విడుదలై మూత్రపిండానికి రక్తప్రవాహాన్ని పెంచుతాయి, దాంతో మూత్రం ఇంకా ఎక్కువ తయారై పీడనం ఇంకా పెరుగుతుంది. డొక్కలో మొదలై గజ్జల్లోకి దిగే ఆ భయంకరమైన నొప్పికి మూలం ఈ సాగడమే. నాకిచ్చిన ఇంజెక్షన్ డైక్లోఫెనాక్. అది ప్రాస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతుంది కాబట్టి నొప్పి పుట్టే చోటే దెబ్బ కొడుతుంది. 2016లో కతార్‌లోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో 1,644 మంది రోగుల మీద జరిపిన పరీక్షలో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ మార్ఫిన్ కంటే మెరుగ్గా పనిచేసింది. నొప్పి అరగంటలో సగానికి తగ్గినవారు డైక్లోఫెనాక్ తీసుకున్నవారిలో నూటికి 68 మంది, మార్ఫిన్ తీసుకున్నవారిలో 61 మంది. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారికి డైక్లోఫెనాక్ పనికిరాదు. అందుకే దాన్ని షాపులో అడిగి కొనుక్కునే అలవాటు మంచిది కాదు.

నొప్పి వచ్చినప్పుడు చెంబుల కొద్దీ నీళ్లు తాగి రాయిని తోసెయ్యాలని చూస్తారు. నేనూ అదే చేశాను. దారి మూసుకున్న కాలవలోకి మరిన్ని నీళ్లు వదిలితే ఏమవుతుందో రైతుబిడ్డలకు చెప్పక్కర్లేదు. రాయి కదులుతుందన్న నమ్మకం లేదు, నొప్పి మాత్రం పెరగవచ్చు. దాహానికి సరిపడా తాగితే చాలు. నీళ్లు బాగా తాగమనే సలహా మళ్లీ రాయి రాకుండా ఉండటానికి. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలి, తాగిన నీళ్లు కాదు లెక్క. మన మే నెల ఎండల్లో చెమటగా పోయేదాన్ని కూడా కలుపుకుని చూసుకోండి. బీరు సంగతి మా విద్యార్థులు ప్రతి ఏడూ అడుగుతారు. అది మూత్రాన్ని పెంచుతుంది, నీళ్లూ పెంచుతాయి. అంతకుమించి చెప్పడానికేమీ లేదు.

ఇక టామ్సులోసిన్ దగ్గరికి వద్దాం. నునుపు కండరాల మీద ఆల్ఫా-1 గ్రాహకాలని కొన్ని ఉంటాయి. తాళం కప్పలాంటివి అనుకోండి. నాడుల చివర్లనుంచి వచ్చే నార్‌ఎడ్రినలిన్ అనే తాళంచెవి అందులో పడితే కండరం బిగుస్తుంది. టామ్సులోసిన్ ఆ కప్పల్లో దూరి కూర్చుంటుంది, తిప్పదు. అసలు తాళంచెవికి చోటు దొరకదు, కండరం సడలుతుంది. ఈ గ్రాహకాలు ప్రోస్టేట్‌లోనూ, మూత్రాశయం మెడ దగ్గరా ఉన్నాయి. అందుకే మా నాన్నగారికి ఆ మందు. మూత్రనాళంలోనూ ఉన్నాయి, అందులోనూ చివరి భాగంలో ఎక్కువగా ఉన్నాయి. ప్రోస్టేట్ కోసం 1990లలో వచ్చిన మందు రాళ్లవారి చీటీలోకి ఎక్కింది ఈ కారణంగానే. గుప్పిట సడలితే రాయి కింద పీడనం తగ్గుతుంది. పైన పేరుకున్న మూత్రం రాయిని కిందికి నెడుతుంది. నాళం పూర్తిగా పనిమానెయ్యదు, బిగుసుకోవడం మాత్రం తగ్గుతుంది.

ఆలోచన చక్కగా ఉంది. కానీ చక్కగా ఉన్న ఆలోచనలన్నీ నిజం కానక్కర్లేదు. మా పక్కింటి పిన్నిగారి ఆలోచన కూడా చక్కగానే ఉంది. ఆవిడ రోజూ పొద్దున్నే గ్లాసుడు కొండపిండి ఆకు కషాయం పంపేవారు. పేరులోనే ఉంది, కొండను పిండి చేస్తుందని. ఆవిడ మరిదికి మూడుసార్లు రాయి పడిందట, మూడుసార్లూ కొండపిండితోనేనట. ఆవిడ అబద్ధం చెప్పలేదు. కానీ ఈ లెక్క చూడండి. మూత్రనాళంలోకి దిగిన రాళ్లలో 5 మిల్లీమీటర్ల లోపువి, ఏ మందూ లేకుండానే, నూటికి 68 దాకా వాటంతట అవే పడిపోతాయి. 5 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్యవి 47 దాకా. అమెరికా, ఐరోపా మూత్రరోగ వైద్యసంఘాలు కలిసి 2007లో ఇచ్చిన అంకెలివి. అంటే చిన్న రాయి ఉన్న వందమందికి కొండపిండి ఇస్తే 68 మందికి పడుతుంది. ఉలవల కషాయం ఇస్తే 68 మందికి పడుతుంది. అరటిదూట రసం ఇచ్చినా, రోజూ వందసార్లు గుంజీళ్లు తీయించినా 68 మందికి పడుతుంది. పడినవాళ్లు జీవితాంతం ఆ కషాయం పేరు చెప్పుకుంటారు. పడనివాళ్లు ఆపరేషన్‌కు వెళ్తారు. వాళ్లు మన వీధిలో కషాయం గురించి మాట్లాడరు.

ఈ లెక్క పిన్నిగారికి వర్తిస్తే డాక్టరుగారికీ వర్తిస్తుంది. "నేను ఈ మందు రాసిన వందమందిలో 68 మందికి పడింది" అని ఏ డాక్టరు చెప్పినా అది రుజువు కాదు. రుజువు కావాలంటే ఒకే రకం రోగులను చీట్లు వేసినట్టు రెండు గుంపులుగా విడదీయాలి. ఒక గుంపుకు మందు, రెండో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇవ్వాలి. ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ డాక్టరుకీ తెలియకూడదు.

2000 తర్వాత అలాంటి చిన్న చిన్న పరీక్షలు చాలా జరిగాయి. టామ్సులోసిన్‌తో పాటు రక్తపోటు మందు నిఫెడిపిన్‌ను కూడా పరీక్షించారు. నునుపు కండరంలోకి కాల్షియం వెళ్లకుండా అడ్డుకుని సడలించే మందు అది. 2006లో లాన్సెట్ పత్రికలో 9 పరీక్షలను, 693 మంది రోగులను కలిపి లెక్కవేసిన వ్యాసం వచ్చింది. మందు తీసుకున్నవారిలో రాయి పడే అవకాశం 65 శాతం ఎక్కువగా ఉందని తేల్చారు. దాంతో దేశదేశాల్లో ఈ మందు రాయడం మామూలైపోయింది. కానీ ఆ పరీక్షలు చిన్నవి. కొన్నింటిలో ఉత్తుత్తి మాత్రే లేదు.

బ్రిటన్‌లో 24 ఆసుపత్రుల్లో 1,167 మందిని తీసుకుని పెద్ద పరీక్ష చేశారు. ఫలితం 2015లో వచ్చింది. నాలుగు వారాల్లో మరే చికిత్సా అవసరం పడనివారు టామ్సులోసిన్ గుంపులో నూటికి 81 మంది. నిఫెడిపిన్ గుంపులో 80 మంది. ఉత్తుత్తి మాత్ర గుంపులోనూ 80 మందే! 2018లో అమెరికాలో 512 మంది మీద చేసిన పరీక్షలోనూ దాదాపు ఇదే వచ్చింది. మందుతో 50, ఉత్తుత్తి మాత్రతో 47. పిన్నిగారి కషాయానికీ నా క్యాప్సూల్‌కీ తేడా లేదన్నమాట అని మీరు నవ్వుకోవచ్చు. ఆ వ్యాసాలు చదివినప్పుడు నాకూ నవ్వొచ్చింది.

నవ్వు ఆపి ఇంకొక్క ప్రశ్న వేసుకోవాలి. వాళ్ల రాళ్లు ఎంత పెద్దవి? బ్రిటన్ పరీక్షలో నాలుగింట మూడువంతుల మందికి రాయి 5 మిల్లీమీటర్లు, అంతకంటే చిన్నది. అమెరికా పరీక్షలోనూ రాళ్లలో ఎక్కువ భాగం చిన్నవే. ఎలాగూ జారిపోయే రాయికి దారి వెడల్పు చేసి ఏం లాభం? మందు ఉపయోగపడితే గిడితే ఇరుక్కునే రాయికి ఉపయోగపడాలి. చైనాలో 30 ఆసుపత్రుల్లో 3,296 మంది మీద చేసిన పరీక్ష ఈ ముడి విప్పింది. అందులో అందరి రాళ్లూ నాళం చివరి భాగంలోనివే, 4 నుంచి 7 మిల్లీమీటర్లవి. మొత్తంమీద మందుతో 86, ఉత్తుత్తి మాత్రతో 79. విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. 5 మిల్లీమీటర్లు, ఆ లోపు రాళ్లకు మందువల్ల తేడా లేదు. అంతకంటే పెద్ద రాళ్లకు మందుతో 87, లేకుండా 75.

ఆ చివరి రెండు అంకెల దగ్గర కాసేపు ఆగండి. అలాంటి వందమందిలో 75 మందికి మందు లేకపోయినా రాయి పడేది. 13 మందికి మందు వేసుకున్నా పడలేదు. మధ్యలోని 12 మందికి మాత్రమే మందు మేలు చేసింది. ఎనిమిది మందికి మందు రాస్తే ఒకరికి పని జరిగిందన్నమాట. ఒక ఆపరేషన్ తప్పినట్టే కాబట్టి ఇది చిన్న మేలు కాదని నా ఉద్దేశం. అమెరికా సంఘం 10 మిల్లీమీటర్ల లోపు, నాళం చివరి భాగంలోని రాళ్లకు ఈ మందు ఇవ్వవచ్చంటోంది. ఐరోపా సంఘం 5 మిల్లీమీటర్లు దాటిన చివరి భాగపు రాళ్లకు అంటోంది. నిఫెడిపిన్ దాదాపు వెనక్కి వెళ్లిపోయింది.

మరి 3 మిల్లీమీటర్ల రాయి ఉండి, అదీ మూత్రపిండంలోనే కదలకుండా కూర్చున్నవారికి నెలల తరబడి ఈ క్యాప్సూల్ ఎందుకు రాస్తున్నారు? నా దగ్గర జవాబు లేదు. మీ చీటీలో ఈ మందు ఉంటే "రాయి ఎక్కడుంది, ఎంత ఉంది, ఎన్నాళ్లు వాడాలి?" అని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు.

ఇంతవరకు లెక్కలు. ఇప్పుడు చెప్పేది లెక్కల కంటే ముఖ్యమైనది. మా కాలేజీలో నాతో పనిచేసిన ఒకాయనకు నాకంటే ముందే మూత్రనాళంలో రాయి వచ్చింది. మందు వాడారు. పదిరోజులకు నొప్పి పూర్తిగా పోయింది. రాయి పడిపోయిందనుకుని మళ్లీ స్కానింగుకు వెళ్లలేదు. ఖర్చెందుకని ఒక కారణం, నొప్పి లేదు కదా అని ఇంకో కారణం. రెండేళ్ల తర్వాత వేరే పనిమీద కడుపు స్కానింగు తీస్తే రాయి అక్కడే ఉంది. పైన మూత్రపిండం నీటితిత్తిలా ఉబ్బి, పలచబడి, దాదాపు పనిచెయ్యడం మానేసి ఉంది. రెండోది బాగుంది కాబట్టి ఆయన క్షేమంగానే ఉన్నారు. నొప్పి పీడనం పెరిగేటప్పుడు వస్తుంది. అడ్డు అలాగే ఉండి పీడనం స్థిరపడితే నొప్పి తగ్గిపోవచ్చు. నొప్పి పోవడం వేరు, రాయి పోవడం వేరు. రాయి మీ కంటపడాలి, లేదా స్కానింగులో అది లేదని తేలాలి. మందుతో ఎదురుచూడటం సాధారణంగా నాలుగు వారాలు, మహా అయితే ఆరు. ఆ తర్వాత యూరాలజిస్టు దగ్గర దారులున్నాయి. బయటినుంచి తరంగాలతో రాయిని పగలగొట్టే పద్ధతి 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైంది. ఇప్పుడు సన్నటి దుర్బిణి గొట్టాన్ని మూత్రమార్గం గుండానే పంపి లేజరుతో పగలగొట్టడం ఎక్కువైంది.

నాలుగు వారాలు కాదు, నాలుగు గంటలు కూడా ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. రాయి నొప్పితో పాటు చలిజ్వరం వస్తే ఇంట్లో ఉండకండి. మూసుకుపోయిన మూత్రపిండంలో చీము పడితే సూక్ష్మజీవులు రక్తంలోకి ఎక్కి ప్రాణం తీస్తాయి. అప్పుడు రాయి సంగతి తర్వాత, ముందు స్టెంటు వేసో, వీపువైపునుంచి గొట్టం పెట్టో మూత్రాన్ని బయటికి వదలాలి. ఒకే మూత్రపిండం ఉన్నవారికి రాయి అడ్డుపడినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, నొప్పి మందులకు లొంగకపోయినా, వాంతులతో నీళ్లు కూడా నిలవకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణుల సంగతి పూర్తిగా వేరు, ఏ మాత్రా సొంతంగా వేసుకోకూడదు.

క్యాప్సూల్ వేసుకునే పద్ధతి గురించి రెండు మాటలు. విప్పి పొడి చేసుకోకూడదు, నమలకూడదు. మందు మెల్లగా విడుదలయ్యేలా చేసి ఉంటుంది. రక్తనాళాల గోడల్లోనూ ఆ తాళం కప్పలు ఉన్నాయి కాబట్టి మొదటి రోజుల్లో మంచం మీదనుంచి చటుక్కున లేస్తే కళ్లు తిరగవచ్చు. బీపీ మందులు వాడేవారు మరీ జాగ్రత్త. మగవారిలో కొందరికి వీర్యం బయటికి రాకుండా వెనక్కి పోతుంది. మందు ఆపితే సర్దుకుంటుంది. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కంటిపాపలోని కండరం మీద కూడా ఈ మందు పనిచేస్తుంది. టామ్సులోసిన్ వాడినవారికి శుక్లాల ఆపరేషన్ చేసేటప్పుడు కంటిపాప సరిగా విప్పారక, వదులుగా అల్లాడుతుందని 2005లో గమనించారు. మందు ముందే మానేసినా ఆ ప్రభావం పూర్తిగా పోకపోవచ్చు. కంటి డాక్టరుకు ముందే తెలిస్తే తగిన జాగ్రత్త తీసుకుంటారు, తెలియకపోతేనే ఇబ్బంది. ఇంట్లో శుక్లాల ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న పెద్దవాళ్లుంటే, ఎప్పుడో నాలుగు వారాలు వాడిన మందైనా సరే, మరచిపోకుండా చెప్పండి.

నా రాయి పంతొమ్మిదో రోజున పడింది. అన్నిరోజులూ టీ వడబోసే జల్లెడ ఒకటి స్నానాలగదిలో ప్రత్యేకంగా పెట్టుకుని, ప్రతిసారీ అందులోకే మూత్రం పోసి చూసుకున్నాను. మా ఆవిడ ఆ జల్లెడకు ఎర్ర దారం కట్టింది, పొరపాటున వంటింట్లోకి రాకుండా. గోధుమరంగులో, ముళ్లముళ్లుగా, పల్లేరు కాయంత గరుకుగా ఉంది. దాన్ని చూసి పిన్నిగారు కొండపిండి గొప్పతనమన్నారు. డాక్టరుగారు మందు పనిచేసిందన్నారు. నేను ఆ 75 మందిలో ఒకణ్నో, 12 మందిలో ఒకణ్నో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు, ఎందుకంటే మందు వేసుకోని నేను ఇంకొకణ్ని లేను. రాయిని శుభ్రమైన చిన్న సీసాలో వేసి లేబొరేటరీకి ఇచ్చాను. కాల్షియం ఆక్సలేట్ అని రాసిచ్చారు. ఆ కాగితం తీసుకుని మళ్లీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఉప్పు తగ్గించమన్నారు, పాలూ పెరుగూ మానొద్దన్నారు, ఎండాకాలం తరగతికి వెళ్లేటప్పుడు నీళ్లసీసా చంకలో ఉండాలన్నారు. మూడునెలల తర్వాత ఇంకోసారి స్కానింగు తీయించుకుంటే దారి ఖాళీగా ఉంది.